తువ్వాలు కింద మలేసియా

మా పెళ్లి శ్రావణంలో అయింది. కార్తీకానికల్లా నా పట్టుచీరలు కూడా ఎర్రగడ్డల వాసన పట్టాయి.

కర్నూలులో పుట్టి, అక్కడే కంప్యూటర్ డిగ్రీ చదివిన నేను మైదుకూరు మండీ వీధికి కాపురానికి వచ్చాను. మా మామగారు పెద్దసుబ్బయ్య గారిది ఎర్రగడ్డల, అంటే ఉల్లిగడ్డల, మండీ. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్య నడవా నిండా గడ్డల రాశులు. దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగిస్తే అది కూడా ఓడిపోయేది. మా అమ్మ ఫోన్ చేసి "ఎట్లుండావే?" అని అడిగితే, "కండ్లలో నీళ్లు ఆగడం లేదు మా, కానీ శానా సంతోషంగా ఉండా" అనేదాన్ని. రెండూ నిజాలే.

ఇక్కడి బేరం నేను మొదటిసారి చూసిన రోజు బాగా గుర్తు. ఇద్దరు పెద్దమనుషులు తువ్వాలు కింద ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ముఖాలు పక్కకు తిప్పుకుని, ఆకాశంలో కాకుల్ని చూస్తూ నిలబడ్డారు. పోట్లాడుకున్న అన్నదమ్ములు రాజీ పడుతున్నారేమో అనుకున్నాను. మా ఆయన ధనుంజయ పడీ పడీ నవ్వాడు. ధర నోటితో చెప్పరట. ఎన్ని వేళ్లు పట్టుకున్నారు, ఎంతవరకు పట్టుకున్నారు అన్నదే ధర. పక్క వ్యాపారికి తెలియకూడదు, బేరం తెగేదాకా కాగితం మీద పెట్టకూడదు. మామగారి తువ్వాలు ఆయన భుజం దిగడం నేను స్నానానికీ బేరానికీ తప్ప చూడలేదు.

మా వైపు పండే ఈ గడ్డ చిన్నది, ముదురు గులాబీ రంగుది, ఘాటు ఎక్కువ. మన ఇళ్లలో దీన్ని పెద్దగా వాడరు గానీ మలేసియా, సింగపూర్ వాళ్లకు ప్రాణం. ఇన్నేళ్లూ మామగారు మద్రాసులో ఒక దళారికి సరుకు అప్పజెప్పేవారు. ఓడ వెళ్లిన పది పన్నెండు రోజులకు ఆ దళారి ఫోన్ చేసి, "తడిసిపోయింది సార్, మొలకొచ్చేసింది" అని సగం ధర కోసేవాడు. నిజమో అబద్ధమో చూసినవాళ్లు లేరు.

ఈ కార్తీకంలో మాత్రం మామగారు తెగించారు. సొంత పేరు మీద ఒక కంటైనర్ మలేసియాలోని క్లాంగ్ రేవుకు పంపారు. అది తెరిచే రోజుకు మా ఆయన విమానంలో వెళ్లి అక్కడ నిలబడాలి. ఓడ ఎక్కించిన రోజు మామగారు అన్నం ముందు కూర్చుని ఒక మాటన్నారు.

"ఈ సరుకు మన ధరకు నిలబడితే, ఇంక మనది మనమే పంపుకుంటాం. పడిపోయిందా, మళ్లా ఆ మద్రాసోని గుమ్మం కాడ చేతులు కట్టుకోని నిలబడాల. నరసన్న లాంటి రైతులు ముందు దుడ్లు అడక్కుండా గడ్డ పోసినారు. వాళ్ల ముందర నా ముఖం ఏం కావాల?"

గడ్డ చూడకుండా ధర చెప్పే అలవాటు ఆయనకు లేదు. మా ఆయనకేమో గడ్డను చూసి ధర కట్టే అనుభవం ఇంకా రాలేదు. అందుకని అక్కడ తెరవగానే ఫొటోలు ఇక్కడికి రావాలి, ఇక్కడినుంచి ధర అక్కడికి పోవాలి. ఆ దారి వెతికే పని నాకు పడింది. పెళ్లయ్యాక నాకిచ్చిన మొదటి పెద్ద పని అది. కొట్టులో లెక్కల కోసం కొన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ దేశం వెళ్లినవాళ్లు ఫోన్లో నెట్టు ఎట్లా వాడుకున్నారో వెతికి వెతికి చదివాను. మధ్యాహ్నం వసారాలో పంచాయితీ పెట్టాను.

"మన సిమ్ముకే రోమింగ్ పెట్టించొచ్చు మామా. నంబరు ఇదే ఉంటాది. కానీ ఆడ నెట్టు వాడితే ఒక్కో ఫొటోకు బ్యాలెన్సు కర్పూరం మాదిరి కరిగిపోతాది. వచ్చే ఫోనుకు కూడా మనకే పడతాది."

"వచ్చే ఫోనుకు మనకెందుకు పడతాదమ్మా?" మామగారు ఆకు నములుతూ నవ్వారు. "ఇంటికొచ్చినోనికి మనం చార్జీలిస్తామా?"

"విదేశంలో ఉంటే ఇయ్యాలంట మామా. ఇంకొకటుండాది. మద్రాసులో అద్దెకు ఒక సిమ్ము ఇస్తారు. మాటలు చవక. నెట్టు నమ్మకం లేదు."

"ఆడ నెట్ సెంటర్లుండవా?" అని వంటింట్లోంచి అత్తగారు సుందరలక్ష్మి గారు అడిగారు.

"కంటైనర్ తెరిచేది రేవులో గదమ్మా," అన్నాడు మా ఆయన. "నేను నెట్ సెంటర్ వెతుక్కునే లోపల వాళ్లే ఒక ధర కట్టేస్తారు."

"అందుకే నాకైతే ఇదే మేలనిపిస్తాంది," అన్నాను. "దిగినాక పాస్‌పోర్టు చూపించి ఆ దేశం సిమ్మే కొనుక్కునేది. నెట్టు చవక, వేగం మనకంటే శానా ఎక్కువ. నంబరు మాత్రం మారతాది."

మామగారు నమలడం ఆపేశారు. "నంబరు మారేదేందమ్మా? గోతాల మీద అచ్చు గుద్దినాం గదా! నంబరు మార్చినోడూ ఊరిడిచి పారిపోయినోడూ ఒకటే. వానికి పాత నంబరే ఉండాల."

పంచాయితీ ముగిసింది. పాత ఫోన్‌కు రోమింగ్ పెట్టించారు.

మా గదిలో పెట్టె సర్దుతూ, మా అన్న నాకు పెళ్లికి పెట్టిన కెమెరా ఫోన్ తీసి, నా సిమ్ము విప్పి, ఫోన్ మా ఆయన చొక్కాల మధ్య పెట్టాను.

"రెండు ఫోన్లెందుకే?"

"పాతది మామకు. ఇది నాకు. ఆడ దిగి సిమ్ము కొనుక్కోని దీంట్లో ఎయ్యండి. ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దు."

"నాయనకు?"

"అడిగితే చెప్పండి. ఆయన అడగరు లెండి."

అడగలేదు కూడా. ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిన నంబరు! ఆ ఊహకే నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. అత్తగారు అనుమానంగా చూసి, "నీళ్లు పోసుకుందేమో" అని పక్కింటావిడతో అన్నారట.

దిగిన రోజు సాయంత్రం కొట్టులో ఫోన్ మోగింది. "సిమ్ము దొరికింది. నెట్టు రాలేదే!"

"ఆ దుకాణంలోనే అడగండి. ఫోన్‌కు సెట్టింగుల మెసేజ్ పంపిస్తారు. అది దాచిపెట్టి, ఒకసారి ఫోన్ ఆర్పి వెలిగించండి."

కాసేపటికి కంప్యూటర్‌లో మొదటి మెయిల్ వచ్చింది. నేను గుండె పట్టుకుని తెరిస్తే, పైనుంచి కిందికి మెల్లగా ఒక ఫొటో పరుచుకుంది. బూటు. ఏ మీట నొక్కాలో తెలియక ఆయన తన బూటును తీశాడు. ఆ నల్లటి బూటు, దాని మీద మైదుకూరు ఎర్రమట్టి మరక, దాని కింద మలేసియా నేల. ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పను. బదులుగా నేను కనకాంబరాలు పెట్టుకుని కంప్యూటర్ కెమెరాతో ఫొటో తీసుకుని పంపాను. ఆ కెమెరా నిమ్మకాయంత గుండు కెమెరా. 'వ్యాపారానికి' అని చెప్పి మా అన్నతో కర్నూలు నుంచి బస్సులో తెప్పించాను. నేను లేనప్పుడు అత్తగారు దాని మీద గుడ్డ కప్పేవారు. "ఎవరో మనల్ని చూస్తాండేటట్లే ఉంటాది," అనేవారు.

కంటైనర్ తెరవడానికి ముందు రోజు మామగారు ఉత్సాహం ఆపుకోలేక పాత నంబరుకు ఫోన్ చేశారు. మలేసియాలో కొడుకు "హలో" అన్నాడు. ఎదురు మండీ వేణుగోపాల్ గారు చూసి, "ఏమప్పా, మలేసియాకు మామూలు ఫోన్ ధరేనా?" అన్నారు. కర్నూలుకు చేసినంతే అని మామగారు ఛాతీ విరిచారు. అంతే. ఆ మాట వీధి చివర ముట్టేలోపల మా కొట్టు ముందు జనం చేరారు. మామగారు పెళ్లి తాంబూలం పంచినట్టు ఫోన్ అందరికీ ఇచ్చారు.

"ధనుంజయా, ఆడ వాన పడతాందా?" ఇది నరసన్న.

"ఆడ ఎర్రగడ్డల్ని ఏమంటారప్పా?"

"మీ నాయన ఈడ మమ్మల్ని కాఫీ అడగనీకుండా ఫోన్ ఇస్తాండాడు!" ఇది వేణుగోపాల్ గారు.

ఫోన్లు లేనివాళ్లు మా దానితో మాట్లాడారు. ఉన్నవాళ్లు వాళ్ల ఫోన్లతో కూడా చేశారు. నేను గడప దగ్గర నిలబడి, "మామా, ఆయనకు పడతాది మామా," అన్నాను. ఆయన చెయ్యి ఊపి, "శుభం జరగబోయే ముందు నలుగురు పలకరిస్తే మంచిదమ్మా," అన్నారు. పోనీలే అని మా ఆయన కూడా పెట్టెయ్యలేదు. ఊరి పెద్దల ఫోన్ కట్ చెయ్యడం ఆయన వల్ల కాదు.

మరునాడు పొద్దున మామగారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొట్టులో గద్దె మీద కూర్చుని నంబరు నొక్కారు. అందుబాటులో లేదని ఆడమనిషి గొంతు చెప్పింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే గొంతు. గద్దె కింద నరసన్నా, ఇంకో ఇద్దరు రైతులూ ముఖాలు చూస్తున్నారు. మామగారు ఫోన్ చెవినుంచి తీసి, తలకాయ మీద ఎండ పడ్డట్టు తువ్వాలు కప్పుకున్నారు.

అదే సమయానికి కంప్యూటర్ మోగింది. 'నిన్నటి ముచ్చట్లకు బ్యాలెన్సు అయిపోయి పాత ఫోన్ చచ్చింది. నీది బతికుంది. తెరుస్తున్నారు. కదలకుండా ఉండు.'

నేను ఆ మాట చెప్పడానికి భయపడ్డాను. కానీ చెప్పక తప్పదు కదా. "మామా, ఆయన దగ్గర ఇంకో నంబరుండాది. ఆడ కొన్న సిమ్ము. నెట్టు పనిచేస్తాంది."

ఆయన నా వైపు చూశారు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. గద్దె దిగి, పీట లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "ఏదీ, చూపియ్యమ్మా."

ఫొటోలు ఒకటొకటే వచ్చాయి. తలుపు తెరిచిన కంటైనర్. విప్పిన గోతం. ఎవరిదో అరచేతిలో మా గడ్డ. రెండు ముక్కలుగా కోసిన గడ్డ. మామగారు తెరకు ముక్కు తాకేంత వంగారు. వాసన కూడా వస్తుందనుకున్నారేమో.

"పొర ఊడలేదు. మెడ బాగా మూసుకోనుండాది. మొలక యాడుండాదే దీంట్లో?" అని రైతుల వైపు తిరిగారు. "ఇన్నేండ్లు మొలకని చెప్పి ధర కోసినాడు గదరా ఆ నాయాలు!"

తర్వాతి మెయిల్ నేను చదివి వినిపించాను. 'కొనే ఆయన చెల్లయ్య గారు, తమిళాయన. ధర చెప్పమంటున్నారు. నేను నోటితో మాట్లాడలేను. ఆయన గుమస్తా అప్పలనాయుడు నా పక్కనే ఉన్నాడు. వాళ్ల తాత తోటల పనికి మన దేశం నుంచి వచ్చినాయన. తెలుగు నాకంటే బాగా మాట్లాడుతున్నాడు.'

"చెప్పండి మామా, నేను రాసి పంపిస్తా," అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "బేరం తెగకముందు ధర రాసేది మా ఇంట్లో లేదమ్మా. మా నాయన రాయలేదు, వాళ్ల నాయన రాయలేదు. ఇన్నేండ్లకు ఈ మంచి పొద్దు నేను రాసి చెడగొట్టుకోవాల్నా?"

రైతులు కాళ్లు మార్చుకుంటున్నారు. ఎదురు గద్దె మీద వేణుగోపాల్ గారు పేపరు పైనుంచి ఇటే చూస్తున్నారు. అవతల రేవులో మా ఆయన పక్కన తెలుగొచ్చిన గుమస్తా. ఏమీ తోచక మామగారి తల మీది తువ్వాలును చూశాను. కంప్యూటర్ మీది నిమ్మకాయ కెమెరాను చూశాను. దాని తీగ ఎంత దూరం వస్తుందో లాగి చూశాను.

"మామా, తువ్వాలు పరచండి."

"ఏందీ?"

"మీ వేళ్లనే పంపిద్దాం. ఆయనకు మీ పట్టు తెలుసు గదా."

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆయన ముఖంలో మా ఆయన ముఖం కనిపించింది. ఫొటోల్లో పోలిక తెలియదు గానీ, నవ్వు ఆపుకునేటప్పుడు ఇద్దరూ ఒకటే.

"మరి పట్టుకునేదానికి చెయ్యి?" అన్నారు. నా చెయ్యి కెమెరాకు కావాలి. అసలు కోడలి చెయ్యి ఆయన పట్టుకోరు. రైతుల చెయ్యి పట్టుకుంటే వాళ్లకే ధర తెలిసిపోతుంది.

"సుందరీ!" అని పిలిచారు.

నేను ఆ ఇంటికి వచ్చాక మామగారు అత్తగారిని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఎవరుండారాడ?" అనడమే ఆయన పిలుపు. అత్తగారు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ కొట్టులోకి వచ్చి, జనాన్ని చూసి తలుపు పక్కన ఆగిపోయారు.

"ఇట్ల రా. చెయ్యియ్యి."

"నలుగురిలో ఇదేం ఖర్మ!"

"యాపారమే. ఇయ్యి."

తువ్వాలు మా ముగ్గురి చేతుల మీదా పరుచుకుంది. కింద చీకటి. కెమెరాకు ఏమీ కనపడలేదు. నరసన్న టార్చిలైటు ఇచ్చి మర్యాదగా ముఖం తిప్పుకున్నాడు. నేను టార్చి తువ్వాలు కిందికి తోసేసరికి మండీలో ఎర్రటి దీపం వెలిగినట్టయింది.

"ఏమప్పా సుబ్బయ్యా, కార్తీక దీపం కొట్టులోనే పెట్టినావా?" వేణుగోపాల్ గారు ఎదురు కొట్టు నుంచి అరిచారు.

"ఔ. నువ్వూ వచ్చి మొక్కుకో," అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

మామగారు అత్తగారి చూపుడు వేలూ, మధ్య వేలూ కలిపి పిడికిట్లో పట్టుకున్నారు. నేను కెమెరా సర్దుతున్నాను.

"ఇంతేనా?" అన్నారు అత్తగారు.

"ఏమే?"

"ఆ గడ్డకు ఇంతేనా అంటాండా."

తువ్వాలు కింద, టార్చి వెలుగులో, అత్తగారి మూడో వేలు మెల్లగా జరిగి ఆయన పిడికిట్లోకి దూరింది. ఎర్రగడ్డలు తరిగి తరిగి గోరు పక్కన నల్లబడిన వేలు. మామగారి పట్టు సడలింది. ఆ వేలికి చోటిచ్చి, మళ్లీ బిగుసుకుంది.

"తియ్యమ్మా," అన్నారు.

తీశాను. పంపాను. కెమెరా తీగ చుడుతూ ఉంటే వెనక మామగారి గొంతు వినిపించింది, కొంచెం కోపంగా, కొంచెం వింతగా. "నీకెట్ల తెలుసే?"

"ముప్పై ఏండ్లుగా నీ తువ్వాలు ఉతుకుతాండేది ఎవరు?" అని అత్తగారు లోపలికి వెళ్లిపోయారు. పొయ్యి మీద పాలున్నాయట.

ఆ తర్వాత మెయిల్ రాలేదు. మామగారు ఆకు వేసుకోలేదు. నరసన్న గద్దె చెక్కను గోటితో గీకుతూ కూర్చున్నాడు. నేను మీట నొక్కుతూనే ఉన్నాను. ఉత్త తెర వస్తోంది. అవతల ఆ సిమ్ములో కూడా బ్యాలెన్సు అయిపోయిందేమో, మూడో వేలు చూసి చెల్లయ్య గారు లేచిపోయారేమో, మళ్లీ మద్రాసు దళారి గుమ్మమేనేమో అని నాలో నేను లక్ష అనుకున్నాను.

చివరికి ఒక ఫొటో వచ్చింది. తెల్ల చేతిరుమాలు. దాని కింద రెండు చేతుల ఆకారం. ఒక చేతికి నేను తొడిగిన ఉంగరం.

కింద ఇట్లా రాశాడు. 'చెల్లయ్య గారి తాత కారైకుడిలో ఇట్లాగే బేరం చేసేవాడట. రుమాలు పరిచేసరికి ఆయన కండ్లల్లో వెలుగు చూడాలి నువ్వు! ఒప్పుకున్నారు. వచ్చే ఓడకు కూడా సరుకు అడిగారు. అవునే, నాయన మూడో వేలు దాకా ఎప్పుడూ పోడు. ఎవరు పెంచింది?'

నేను పైకి చదివాను. చివరి వాక్యం కూడా చదివాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

మామగారు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నారు. "నరసన్నా," అన్నారు, "నీ గడ్డ నిలబడిందప్పా." అని ఆగి, వంటింటి వైపు తల తిప్పి, గట్టిగా అన్నారు. "అందరికీ కాఫీ పెట్టు సుందరీ!"

ఆ సాయంత్రం వేణుగోపాల్ గారు వచ్చి, "ఆ రెండో నంబరేదో చెప్పప్పా, పిల్లోన్ని అభినందిస్తా," అన్నారు. మామగారు నా వైపు ఒకసారి చూసి, "అది మా అమ్మాయి నంబరప్పా. ఇయ్యడానికి నాది కాదు," అన్నారు. నేను నడవాలో రాశి వెనక్కి వెళ్లి, ఎవరూ చూడకుండా ఒకసారి గంతు వేశాను. గడ్డలు నాలుగు దొర్లాయి.

ఇది మాఘం. వచ్చే ఓడకు గోతాలు సిద్ధం చేస్తున్నారు. నిన్న రేకు అచ్చు కోసే అతను కొత్త అచ్చు తెచ్చాడు. మామగారు నన్ను పిలిచి, "సరిగ్గా పడిందేమో చూడమ్మా," అన్నారు. మండీ పేరు, దాని కింద ఎప్పటి నంబరు, దాని కింద ఇంకో వరుస. నా మెయిల్ అడ్రసు. పద్మప్రియ అన్న నా పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, ఎర్రగడ్డల గోతం మీద.

"మధ్యలో ఈ జిలేబీ ఏందమ్మా?" అన్నాడు అచ్చు కోసే అతను, @ గుర్తు మీద వేలు పెట్టి. "అది కోసేదానికే నాకు పొద్దంతా పట్టింది."

"ఆ జిలేబీ లేకుంటే మలేసియాకు పోదు," అన్నారు మామగారు, పుట్టినప్పటినుంచి తెలిసినట్టు.

ఎర్రగడ్డల రాశి పక్కనే ఉంది కాబట్టి కండ్లు తుడుచుకున్నా ఎవరూ అడగలేదు. మా ఆయన అచ్చును గోతం మీద పెట్టి సిరా రాశాడు. నల్లగా, తడిగా నా పేరు పడింది.

అత్తగారు గడప మీద నిలబడి అంతా చూశారు.

"కోడలి పేరు ఏస్తివి, సంతోషం," అన్నారు మామగారితో. "నా వేలు యాడేస్తావు మరి?"

మామగారు గోతాన్ని అటూ ఇటూ తిప్పి, ఖాళీ ఎక్కడుందో నిజంగానే వెతకడం మొదలుపెట్టారు.